కుర్చీ దాటితే పెదవే

దగ్గరికి రండి, ఇంకాస్త దగ్గరికి. ఆ గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు జరగండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఎవరి చేతిలోనైనా కప్పుంటే కింద పెట్టకండి. దాని అంచు మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి చూడండి. ఏమీ తగల్లేదు కదా. మీకు ఏమీ తగలకుండా ఉండటం కోసం ఎక్కడో ఎవరో ఒకావిడ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది. అలాంటి ఒకావిడ కథే ఇది.

అది కప్పులు చేసే కార్ఖానా. ముందు మట్టి పిసికే షెడ్డు, తర్వాత అచ్చుల గది, ఆ తర్వాత బట్టీ, అన్నిటికీ చివర అంచుల గది. అంచుల గదిలో పొడవాటి బల్లకు అటూ ఇటూ తొమ్మిది మంది ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. వాళ్ళ పనల్లా బట్టీలో కాలి మెరుపు తేలి వచ్చిన కప్పును తీసుకుని, చూపుడువేలి కొనను అంచు మీద పెట్టి, ఒక్క చుట్టు తిప్పడమే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇసుక రేణువంత గరుకు, సూదిమొన దిగినంత గుంట, వెంట్రుకలో సగమంత పగులు, ఇవేవీ కంటికి కనపడవు. వేలికే తగలాలి. గరుకైతే నున్నటి రాయితో రుద్దుతారు. గుంటో పగులో అయితే ఆ కప్పు పెంకుల డబ్బాలోకి పోతుంది.

గది చివర, కిటికీ దగ్గర, చేతుల్లేని చెక్క కుర్చీ ఒకటి ఉండేది. దానికి బల్ల వైపు వీపు, కిటికీ వైపు ముఖం. కళ్ళు మూసుకుని చేసే పనికి కిటికీ ఎందుకని ఎవరూ అడగలేదు. బల్ల మీద నెగ్గిన ప్రతి కప్పూ ఆఖరిసారి ఆ కుర్చీ దగ్గరకు వెళ్ళేది. అక్కడ నెగ్గితే కాగితం చుట్టి పెట్టెలో సర్దేయడమే. ఆ కుర్చీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నది అత్త. పక్కనే చిన్న స్టూలు వేసుకుని, కప్పులు అందిస్తూ, అత్త మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా ఇరవై రెండేళ్ళు కూర్చున్నది పెద్దకోడలు. ఎవరైనా తొందరపెడితే అత్త ఒకే మాట అనేది: "ఈ కుర్చీ దాటితే ఇక పెదవే. నేను వదిలేసింది తాగేవాడి నోటికే తగులుతుంది. నన్ను కదిలించకండి."

అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. రెండు నెలల కిందట పని మానేసి ఇంట్లో కూర్చుంది. కుర్చీ ఖాళీ అయింది.

కుర్చీ ఖాళీ అయిన రోజు నుంచి పెద్దకోడలికి కంటి నిండా కునుకు లేదు. ఆ కుర్చీ తనదే. ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చున్నది మరి దేనికి? కానీ మేస్త్రి నోరు విప్పడే. ఆ మేస్త్రిని అందరూ గంట మేస్త్రి అనేవాళ్ళు. కప్పును వేలి గోటితో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, లోపల బాగుందో లేదో చెప్పేవాడు. చెవి ఉన్నంత గొప్పగా వేలు లేదు ఆయనకు. అందుకే ఎవరి వేలు గొప్పదో తేల్చుకోలేక, "చూద్దాం, చూద్దాం" అంటూ రెండు నెలలు నెట్టాడు. అప్పటిదాకా ఆఖరి చూపు మీరిద్దరూ పంచుకోండని బల్ల చివర ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

ఇద్దరంటే పెద్దకోడలూ చిన్నకోడలూ. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, లారీలు నడుపుతూ వారానికి ఆరు రోజులు రోడ్ల మీదే ఉండేవాళ్ళు. ఇంట్లో మిగిలేది అత్తా, ఇద్దరు తోడికోడళ్ళూ. చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళు, అంచుల గదికి వచ్చీ మూడేళ్ళే. నెమ్మదైన మనిషి. నోట్లో నాలుక ఉందో లేదో తెలియదు. కానీ ఆ వేలు ఉందే, ఆ వేలే పెద్దకోడలి కొంప ముంచింది.

ఒకరోజు పెద్దకోడలు చూసి పక్కన పెట్టిన ట్రేలోంచి చిన్నకోడలు పొరపాటున ఒక కప్పు తీసుకుంది. కళ్ళు మూసుకుని వేలు తిప్పింది. సగం చుట్టు తిరిగాక వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే అది అక్క ట్రే. గబుక్కున అటూ ఇటూ చూసి, ఎవరి కంటా పడకుండా కప్పును పెంకుల డబ్బా పక్కకు జరిపి, ఏమీ ఎరగనట్టు మరో కప్పు అందుకుంది.

పెద్దకోడలు చూడనే చూసింది. పదిమందిలో ఎత్తి చూపించి ఉంటే తిట్టుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు. ఇదేమిటి, దాచిపెట్టి దయ చూపించడం? ఒళ్ళు భగ్గుమంది. తర్వాత ఆ కప్పును తీసుకుని తను కూడా తడిమి చూసింది. నాలుగో చుట్టుకు తగిలింది, సూదిమొనంత గుంట. నాలుగో చుట్టుకు.

ఆ రోజు నుంచి ఆమె కళ్ళు చిన్నకోడలి వేలిని వదల్లేదు. తన చేతిలో కప్పు తిరుగుతూనే ఉండేది, చూపు మాత్రం ఎదురుగా. ఆ వేలు ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎక్కడ ఆగుతుంది, గోరు పక్కన చర్మం ఎప్పుడు తెల్లబడుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి. తన మొగుడి ముఖం కూడా ఆమె అంత శ్రద్ధగా చూసి ఎరగదు.

ఇంటికి వెళ్ళినా అదే మంట. ఒక సాయంత్రం అత్త అరచేతిలో చేతికర్ర పేడు గుచ్చుకుంది. కంటికి ఆనడం లేదు. పెద్దకోడలు దీపం దగ్గరకు పట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, సూదితో గెలికింది.

"అబ్బా, అక్కడ కాదే" అంది అత్త.

"ఇక్కడే కనిపిస్తోంది అత్తయ్యా."

"కనిపించేది పేడు కాదు, నా చేతి గీత. చిన్నదాన్ని పిలువు."

చిన్నకోడలు వచ్చి, తడి చెయ్యి తుడుచుకుని, అత్త అరచేతి మీద వేలు పెట్టింది. రెండుసార్లు తిప్పింది. "ఇదిగో అత్తయ్యా" అని గోటితో పైకి నెట్టింది. పేడు ఊడి వచ్చింది. అత్త ఆ వేలిని పట్టుకుని కాసేపు వదల్లేదు. "మంచు ముద్దలా ఉందే నీ వేలు" అని ఏదో ఆలోచనలో పడింది.

పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. తోమిన గిన్నెలే.

ఇలా ఉండగా కార్ఖానాకు ఒక డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నదే. చేతిలో పెట్టె, పెట్టెలోంచి రెండు తీగలు, తీగల చివర బట్టల క్లిప్పుల్లాంటి రెండు క్లిప్పులు. మనిషి దేన్నయినా మనసు పెట్టి తడిమేటప్పుడు చేతిలో రక్తం ఎలా పారుతుందో చూడాలట. అందుకు బాగా తడమగలిగిన చేతులు కావాలట. "మందులివ్వను, సూది గుచ్చను, నొప్పి ఉండదు" అని ముందే చెప్పింది. "ఇది పరీక్ష కాదు, పోటీ అసలే కాదు" అని కూడా చెప్పింది. కానీ ఆ ముక్క ఎవరికి వినిపించింది?

కప్పులకు చెవులు అతికించే ఆవిడ ఒకత్తె ఉండేది. చెవులమ్మ అని పేరు. కార్ఖానాలో ఏ మూల ఎవరేమన్నా ఆవిడ చెవిన పడాల్సిందే కాబట్టి ఆ పేరు రెండు విధాలా సరిపోయింది. మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట పెద్దకోడల్ని పట్టుకుంది.

"విన్నావా? మేస్త్రి ఆ యంత్రంతోనే తేల్చేస్తాడట. ఎవరి చేతిలో రక్తం ఎక్కువ పారితే వాళ్ళకే కుర్చీ."

"ఎవరన్నారు?"

"ఆయనే అన్నాడు. నాలుగు చెవులు అతికిస్తూ విన్నాను."

పెద్దకోడలి గుండె ఝల్లుమంది, వెంటనే కుదుటపడింది కూడా. ఎందుకంటే ఆ గదిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: వెచ్చటి చెయ్యే మంచి చెయ్యి. పొద్దున్నే పనిలో కూర్చునే ముందు అందరూ బట్టీ బండి దగ్గరకు వెళ్ళి, అప్పుడే తీసిన కప్పును రెండు చేతుల మధ్య పట్టుకుని వేడి చేసుకునేవాళ్ళు. చలికి కొంకర్లు పోయిన వేలికి ఏమీ తెలియదు, అది నిజమే. కానీ ఆ నిజాన్ని పట్టుకుని, ఎంత వేడి ఉంటే అంత గొప్ప అనే దాకా లాక్కుపోయారు. మరి చిన్నకోడలి వేలు మంచు ముద్ద అని అత్తే అంది కదా. ఇక యంత్రం ఎవరి వైపు మాట్లాడుతుంది?

మర్నాడు పొద్దున డాక్టరమ్మ పెట్టెను బల్ల మీద పెట్టింది. ఇద్దరు కోడళ్ళ ఉంగరం వేళ్ళకూ చెరో క్లిప్పు తగిలించింది. పెట్టెలోంచి కాగితం మెల్లగా బయటికి వస్తోంది. దాని మీద రెండు గీతలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా గీత చిన్న కొండలా లేచి దిగుతోంది. పై గీత పెద్దకోడలిది, కింది గీత చిన్నకోడలిది. డాక్టరమ్మ ఇరవై కప్పులు వరసగా పెట్టింది. వాటిలో కొన్నింటికి అంచు బాగాలేదు, ఏవో ఆమెకు మాత్రమే తెలుసు.

"ముందు చిన్నావిడ చూస్తారు. పెద్దమ్మగారూ, మీరు ఊరికే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. మీ పని ఏమీ లేదు" అంది.

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. మొదటి కప్పు. కాగితం మీద కింది గీత చూస్తుండగానే కుంచించుకుపోయింది. కొండలు గుట్టలయ్యాయి, గుట్టలు చీమల పుట్టలయ్యాయి. కప్పు కింద పెట్టగానే మళ్ళీ మెల్లగా లేచాయి. రెండో కప్పు తీసుకోగానే మళ్ళీ కుదించుకుపోయాయి. వేలి కొన తెల్లగా పాలిపోయింది.

పెద్దకోడలు ఊపిరి బిగబట్టి ఆ వేలినీ ఆ కింది గీతనూ చూస్తూ కూర్చుంది. ఏడో కప్పు దగ్గర వేలు ఆగింది. ఉంది, అక్కడ ఏదో ఉంది. పదకొండో కప్పు దగ్గర వేలు ఆగీ ఆగనట్టు ఆగి పోయింది. అది గుంట కాదు, మెరుపు పూతలో చిన్న ఎత్తు, అంతే. పై గీత తనదనీ, దాన్నీ ఒకసారి చూసుకోవచ్చనీ ఆమెకు తోచనే లేదు. చూసినంతసేపూ మనసులో ఒకటే మాట: రక్తం ఇంకిపోయింది, దాని చేతిలో రక్తం ఇంకిపోయింది.

వెనక నిలబడ్డ గంట మేస్త్రి కూడా అదే చూసి నాలుక చప్పరించాడు.

తన వంతు వచ్చేలోగా పెద్దకోడలు, నీళ్ళు తాగి వస్తానని క్లిప్పు తీయించుకుని లేచింది. నీళ్ళ దగ్గరకు కాదు, తిన్నగా బట్టీ బండి దగ్గరకు వెళ్ళింది. కాలిపోతున్న కప్పు ఒకటి గుడ్డలో చుట్టి ఏప్రన్ జేబులో వేసుకుంది. వచ్చి కూర్చుని కుడిచెయ్యి జేబులో దూర్చింది. డాక్టరమ్మ కప్పులు మార్చి సర్దే దాకా ఆ వేడిని పిడికిట పట్టుకునే ఉంది. తొడ మీద చురుక్కుమంటోంది. పళ్ళు బిగించి నవ్వు ముఖం పెట్టింది.

క్లిప్పు పెట్టగానే పై గీత ఇంతింత ఎత్తున లేచింది. ఒక కప్పు చూసింది, కొండలు తగ్గలేదు. జేబులో చెయ్యి పెట్టి తీసి ఇంకోటి చూసింది, తగ్గలేదు. వేలు కప్పు మీద తిరుగుతోంది, కళ్ళు కాగితం మీద తిరుగుతున్నాయి. ఇరవై కప్పులూ అయిపోయాయి. ఏది బాగుందో ఏది బాగాలేదో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

"చూశారా" అన్నాడు మేస్త్రి. "పెద్దమ్మాయి చెయ్యి బట్టీలా మండుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కుర్చీ పక్కన కూర్చున్న చెయ్యంటే అదీ."

"ఇది పోటీ కాదండీ" అంది డాక్టరమ్మ. "నేనింకా కాగితాలు కొలుచుకోవాలి. ఎల్లుండి వచ్చి చెబుతాను."

"మీరు కొలుచుకోండమ్మా. నాకు కనిపించింది చాలు."

అప్పటికప్పుడే కుర్చీని దులిపించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏప్రన్ విప్పుతుంటే చిన్నకోడలి కళ్ళు దాని మీద పడ్డాయి. జేబు దగ్గర గుడ్డ కమిలి గోధుమరంగు తిరిగింది. గుండ్రంగా, సరిగ్గా కప్పు అంచంత. పెద్దకోడలు దాన్ని చటుక్కున మడిచేసింది. కాసేపటికి కాలిన పుండ్లకు రాసే మందు ట్యూబు ఒకటి పెద్దకోడలి మంచం మీద కనిపించింది. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. తొడ మీది మంట కంటే ఆ ట్యూబు ఎక్కువ మండింది.

మర్నాడు పెద్దకోడలు కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్ళ కోరిక. కిటికీలోంచి వెలుతురు వచ్చి ఒళ్ళో పడింది. వెనక బల్ల దగ్గర తొమ్మిది మంది. ఒక్కరూ కనపడరు, కప్పుల చప్పుడు తప్ప. కళ్ళు మూసుకుంది. వేలు తిప్పింది. నున్నగా ఉంది. ఇంకోటి, నున్నగానే ఉంది. పదీ ఇరవై నలభై, అన్నీ నున్నగానే ఉన్నాయి. వేలు వెచ్చగా, హాయిగా, ఒళ్ళు మరిచి తిరుగుతోంది. చిన్నది ఇప్పుడేం చేస్తోందో, దాని వేలు ఎక్కడ ఆగిందో అని మధ్యమధ్య వెనక్కి తిరగబోయేది. కుర్చీలో కూర్చున్న మనిషి వెనక్కి తిరిగితే ఏం బాగుంటుందని మళ్ళీ ముందుకు సర్దుకునేది.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. కుర్చీలోకి కొత్త మనిషి వస్తే, ఆ మనిషి చూసిన మొదటి ట్రేలోంచి ఒక కప్పు పాత మనిషి ఇంటికి పంపాలి. పాత మనిషి అందులో నీళ్ళు తాగాలి. తాగి ఏమీ అననక్కర్లేదు. తాగితే చాలు, కుర్చీ అప్పగించినట్టే. సాయంత్రం మేస్త్రి ఆ కప్పును కాగితంలో చుట్టి పెద్దకోడలి చేతికే ఇచ్చాడు.

చిన్నకోడలు నీళ్ళు పోసి ఇచ్చింది. అత్త మంచం మీద కూర్చుని రెండు చేతులతో కప్పు అందుకుంది. పెదవి దగ్గర పెట్టుకుంది. ఒక్క గుక్క తాగి ఆగింది. కప్పును కొంచెం పక్కకు తిప్పింది. తిప్పినవైపు నుంచి మిగతా నీళ్ళన్నీ తాగింది. కప్పు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

ఆ తిప్పడం పెద్దకోడలు చూసింది.

తల పట్టుకుని అక్కడే కింద కూర్చుంది. "అత్తయ్యా, నేను వేడి కప్పు జేబులో పెట్టుకుని యంత్రాన్ని మోసం చేశాను" అంది.

చిన్నకోడలు గుమ్మం దగ్గరే నిలబడి గోరు గిల్లుకుంటోంది.

"వేడి కప్పా? ఎందుకే?" అంది అత్త.

"వెచ్చటి చెయ్యే మంచిదని."

"ఎవరా మాటన్నది?"

"అందరూ అంటారుగా. పొద్దున్నే అందరం కాచుకుంటాం. మీరూ కాచుకునేవారుగా."

"పొద్దున్న చలి వదలడానికి కాచుకునేదాన్ని. పనిలో దిగాక మళ్ళీ చల్లబడేది. చల్లబడితేనే పనిలో దిగినట్టు." అత్త నవ్వింది. "ఇలా ఇవ్వు నీ చెయ్యి. ఇరవై రెండేళ్ళు నా మోచేతికి నీ మోచెయ్యి ఆనించి కూర్చున్నావు. నేను వేలు తిప్పుతుంటే నువ్వు నా వేలిని చూసేదానివి. చూస్తూ చూస్తూ నీ చెయ్యి జిల్లుమనేది. దీనికి మనసు కుదిరింది అనుకునేదాన్ని. ఇవాళ కూడా అలా చల్లబడిందా?"

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది.

మరుసటి రోజు డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది. ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చెవులమ్మ పని లేకపోయినా అక్కడే తిరుగుతోంది.

"మీరు పనికొచ్చే సంగతి ఒకటి చూపించారు" అంది డాక్టరమ్మ చిన్నకోడలితో. "వేలితో శ్రద్ధగా వెదికేటప్పుడు చర్మంలోని సన్న నరాల్లాంటి గొట్టాలు బిగుసుకుంటాయి. రక్తం కాస్త తగ్గుతుంది, వేలు చల్లబడుతుంది. వెదకడం అయిపోగానే తిరిగి వస్తుంది. ఎందుకలా అన్నది నాకూ పూర్తిగా తెలియదు. అందరికీ ఒకే తీరుగా ఉంటుందనీ చెప్పలేను. కానీ మీకు ఇరవై కప్పులకూ ఇరవైసార్లు జరిగింది."

"మరి నాది?" అంది పెద్దకోడలు. జవాబు తెలిసే అడిగింది.

"మీ రెండో కాగితం నాకు పనికిరాదమ్మా. చెయ్యి బాగా వేడెక్కి ఉంది. అంత వేడిలో ఏ మార్పూ కనపడదు." డాక్టరమ్మ మొహమాటపడింది. "కానీ మొదటి కాగితం చూడండి. నాకు అదే వింతగా ఉంది."

బల్ల మీద కాగితం పరిచింది. కింది గీత చిన్నకోడలిది. కొండలు, మధ్యలో ఇరవై పల్లాలు. పై గీత పెద్దకోడలిది, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పటిది. డాక్టరమ్మ ఒక స్కేలు తీసి నిలువుగా పెట్టింది. కింద పల్లం ఉన్న చోటల్లా పైన కూడా పల్లమే. ఒకటి, రెండు, మూడు. స్కేలు జరుపుతూ పోయింది. ఇరవైకి ఇరవై. ఏడో కప్పు దగ్గరైతే పై గీతే ఎక్కువ లోతు.

"మీరు కప్పు ముట్టుకోలేదు. కానీ ఆవిడ వెదికినప్పుడల్లా మీ చేతిలోనూ రక్తం తగ్గింది. మీరు ఏం చేస్తున్నారప్పుడు?"

పెద్దకోడలి ముఖం జేవురించింది. ఏం చేస్తోంది? కుళ్ళుతోంది. ఆ మాట డాక్టరమ్మతో ఎలా చెప్పడం?

"ఆ ఏడో కప్పుకి పగులు ఉంది కదూ" అంది చివరికి. "పదకొండోది మంచిదే. ఊరికే పూత ఎత్తు."

డాక్టరమ్మ తన పుస్తకం తీసి చూసింది. కళ్ళెత్తి పెద్దకోడలి వైపు చూసింది. "ఆవిడ వేలు చూసే చెప్పారా?"

"రెండు నెలలుగా ఆ వేలే చూస్తోంది" అంది చెవులమ్మ వెనక నుంచి. "కొరుక్కు తినేలా."

అందరూ నవ్వారు. పెద్దకోడలికి నవ్వు రాలేదు గానీ ఏడుపూ రాలేదు.

డాక్టరమ్మా చెవులమ్మా వెళ్ళాక బల్ల చివర ఇద్దరే మిగిలారు.

"ఏమే, నా జేబు కాలిందని నీకు ఆ రోజే తెలుసు. మేస్త్రితో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నా వైపు చూడటం మానేస్తావు అక్కా."

"మానేస్తే పీడా పోయింది అనుకోవాలి గానీ."

"నువ్వు కుర్చీలోకి వెళ్ళాక నిన్న నాకు మూడు కప్పులు తప్పిపోయాయి" అంది చిన్నకోడలు కప్పుల్నే చూస్తూ. "రెండు నెలలుగా నీ చూపు నా వేలి మీదే ఉంది. ఎక్కడ తప్పు పడతావో అని ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెదికేదాన్ని. నిన్న ఎదురుగా ఎవరూ లేరు. వేలు దాని ఇష్టం వచ్చినట్టు తిరిగింది."

పెద్దకోడలు లేచి మేస్త్రి దగ్గరకు వెళ్ళి వేడి కప్పు సంగతి మొత్తం చెప్పింది. అత్త కప్పు తిప్పుకుని తాగిన సంగతి కూడా. ఆ మాటకు మేస్త్రి చేతిలో కప్పు కింద పెట్టేశాడు.

"మరి కుర్చీ?" అన్నాడు.

"చిన్నదానికివ్వండి. స్టూలు నాకివ్వండి. ఆఖరి చూపు దానిది, దాని మీద చూపు నాది. అది వదిలేసింది ఏదైనా ఉంటే నా కళ్ళ ముందే వదలాలి. కానీ ఒక్కటి. దానికి నేర్పింది నేనని అందరికీ చెప్పాలి."

"నేర్పావా?"

"నేర్పలేదు. అయినా చెప్పండి."

మేస్త్రి ఇంతకంటే వేడి బేరం ఏ బట్టీ దగ్గరా చూడలేదు. తల ఊపేశాడు.

ఆమెకు కుళ్ళు పోయిందనుకుంటున్నారేమో. ఎక్కడ పోతుంది? మర్నాడు చిన్నకోడలు కుర్చీలో కూర్చుని, కిటికీ వెలుతురు ఒళ్ళో పడుతుంటే కళ్ళు మూసుకోగానే, పెద్దకోడలి కడుపులో మంట రోజూలాగే లేచింది. ఆ వెలుతురు తన ఒళ్ళో పడాల్సింది. స్టూలు దగ్గరకు లాక్కుంది. మోచేతికి మోచెయ్యి తగిలింది. చిన్నకోడలి వేలు కదిలింది, ఆమె చూపు దాని వెంట కదిలింది. చుట్టు సగం తిరిగేసరికి ఒళ్ళో ఉన్న తన చెయ్యి జిల్లుమంది.

"ఆగు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆగి, వేలు వెనక్కి తెచ్చింది. "ఎక్కడక్కా?"

"అక్కడే. దాటిపోయావు. చూసుకోవే, కుర్చీలో కూర్చోగానే సరా?"

తడిమింది. ఉంది. ఇసుక రేణువులో సగమంత.

వాళ్ళిద్దరూ అలా పద్నాలుగేళ్ళు కూర్చున్నారు. ఇంటికి వెళ్ళేదారిలో రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఆ మొదటి రోజు సాయంత్రమే పాత మనిషి ఇంటికి ఇంకో కప్పు వెళ్ళింది, అత్త ఈసారి తిప్పకుండా తాగింది. ఖాళీ కప్పు కింద పెట్టి, "ఇది ఎవరు చూశారే?" అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి నేనన్నారు.

ఇదీ సంగతి. ఇక లేచి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని, ఏదైనా చిన్నదాన్ని, గుండీనో గింజనో, కళ్ళు మూసుకుని తడమమనండి. ఆ చెయ్యి చల్లబడుతుందేమో చూడండి. చల్లబడితే ఈ కోడళ్ళ కథ వాళ్ళకు చెప్పండి. చల్లబడకపోయినా చెప్పండి. అత్త కప్పు తిప్పిన చోట మాత్రం తొందరపడి దాటిపోకండి, అక్కడ కాస్త ఆగండి. మిగతాదంతా మరిచిపోయినా అదొక్కటీ గుర్తుపెట్టుకోండి.